మా అత్తయ్యకు నేను అంటగట్టిన మతిమరుపు

మా అత్తయ్య, అంటే మా ఆయన తల్లి, ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. డాక్టర్ల పేర్లు ఆమెకు తెలియవు గానీ, వాళ్ల తెల్లకోట్ల కొలతలన్నీ తెలుసు. ఏ వార్డు దుప్పటి ఏ వాసనతో వస్తుందో కళ్లు మూసుకుని చెప్పేది. దుప్పట్లలో కత్తెర్లు, సూదులు దొరికేవి. ఒకసారి ఎవరివో కట్టుడు పళ్లు దొరికాయట. వాటిని పట్టుకుని వార్డు వార్డూ తిరిగి, ఒక ముసలాయన నోట్లో సరిపోయేదాకా వదల్లేదట. "ముగ్గురి నోట్లో పెట్టి చూశానే!" అని చెప్పి పడీ పడీ నవ్వేది.

ఆమె చదువు మూడో తరగతి. నేను ఇంకో నాలుగు తరగతులు ఎక్కువ చదివాను, అంతే. తప్పులుంటే సర్దుకోండి. నిజానికి ఇది రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు. కానీ ఆమె గురించి చెప్పి, నేను చేసింది దాచేస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఇప్పటికే ఒకటి ఆడాను, చాలు.

ఈస్టర్ రోజు మా అత్తయ్య ఒక పని చేసేది. ఇంకా తెల్లవారకముందే మేమందరం ఆరాధనకు బయలుదేరేవాళ్లం. అందరూ చెప్పులు వేసుకుంటుంటే ఆమె మాత్రం లోపలికి వెళ్లి, భోజనాల బల్ల దగ్గర పెద్ద కుర్చీలో ఒక తెల్లగుడ్డ పెట్టి వచ్చేది. మూరెడు గుడ్డ. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, లాండ్రీలో మడిచినట్టు మూలలు లోపలికి పోయేలా మడిచేది. ఆ రోజు ఆ కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు. ఆరాధన నుంచి రాగానే పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ బల్ల దగ్గరకు పరుగెత్తేవాళ్లు. ముందు చేరినవాళ్లు అరవాలి: "మడత ఉంది, మనిషి లేడు!" అప్పుడు ఇంట్లో వాళ్లందరూ ఎక్కడున్నా, పొయ్యి దగ్గరున్నా, స్నానాల గదిలో ఉన్నా, "లేచాడు!" అని జవాబు అరవాలి. ఆ తర్వాత అత్తయ్య కథ చెప్పేది. కథ అయ్యాకే భోజనం.

ఆ కథ బైబిల్లో ఉన్నదే. కానీ ఆమె చెబితే అది లాండ్రీలో జరిగినట్టు ఉండేది.

"చూడండి పిల్లలూ, శవాల గది నుంచి వచ్చే దుప్పట్లు నేను ఎన్ని చూశానో. ముద్దలు ముద్దలుగా వస్తాయి. ముడి మీద ముడి. ఎందుకని? తొందర, భయం, ఏడుపు. అక్కడ మడత పెట్టే తీరిక ఎవరికి ఉంటుంది? మరి ప్రభువు సమాధిలోకి పేతురు తొంగి చూస్తే ఏముంది? బట్టలు ఓ పక్కన ఉన్నాయి. తలకి కట్టిన గుడ్డ విడిగా, చక్కగా ఉంది. దొంగలు ఎత్తుకుపోయారంటారు. ఒరే, దొంగ శవాన్ని ఎలా ఎత్తుకుపోతాడు? గుడ్డలతో సహా ఎత్తుకుపోతాడు! విప్పి, మడిచి, 'అమ్మయ్య' అని పెట్టి పోతాడా? అది తొందర్లో ఉన్నవాడు చేసిన పని కాదు. పొద్దున్నే నిద్ర లేచి తన పక్క తాను సర్దుకున్నవాడు చేసిన పని."

ఒకసారి పాస్టరు గారు మా ఇంటికి వచ్చినప్పుడు మెల్లగా అన్నారు. "అమ్మా, వాక్యంలో ఆ గుడ్డ చుట్టిపెట్టి ఉందని రాసి ఉందమ్మా."

"చుడితే ఏంటి, మడిస్తే ఏంటి అయ్యగారూ? కంగారు లేనివాడే రెండూ చేసేది" అంది. ఆయన నవ్వి ఇంకో ముక్క కేకు తీసుకున్నారు.

పెళ్లయిన కొత్తలో ఆ కథ విని నాకు ఒళ్లు జలదరించింది. ఆ మాట దాచను. తర్వాత తర్వాతే నాకు కళ్లు నెత్తికెక్కాయి.

మూడేళ్ల కిందట కానుకలు, అలంకరణ సామాన్లు అమ్మే షాపులో కౌంటరు దగ్గర పనికి చేరాను. ఈస్టర్ ముందు నెలరోజులు మా షాపు నిండా రంగు కాగితపు గుడ్లు, కుందేళ్లు, రిబ్బన్లు, బుట్టలు. మొదటి ఏడాది ఓ డజను గుడ్లు ఇంటికి తెచ్చాను, పిల్లలు వెతుక్కుంటారని. అత్తయ్య కూడా సరదాపడి బియ్యం డబ్బాలో ఒకటి దాచింది. రెండో ఏడాది కుందేళ్లు, దండలు, ఫొటోలు దిగడానికి గోడకి ఒక పూల తెర వచ్చాయి. ఆ ఏడాది కథ సగంలో ఉండగా నేనే అన్నాను. "కాస్త తొందరగా కానివ్వండత్తయ్యా, కూర చల్లారిపోతోంది." ఆమె వెంటనే చివరికి వచ్చేసింది. మధ్యలో, లేచిన ప్రభువును చూసి మరియమ్మ తోటమాలి అనుకునే ముక్క ఎగిరిపోయింది. అది ఎవరూ గమనించలేదు, మా పిచ్చుక తప్ప. పిచ్చుకంటే మా అమ్మాయి. ఎనిమిదేళ్లది, నోరు ఊరుకోదు కాబట్టి ఆ పేరు.

మూడో ఏడాది, అంటే మొన్న గడిచిన ఈస్టర్‌కి, మా షాపు యజమానురాలిని పొద్దున్న ఫలహారానికి పిలిచాను. ఆమెను మేమందరం షాపమ్మ అంటాం. చాలా హుందా అయిన మనిషి. మా విశ్వాసం కాదు. ఆమె మా ఇంటికి రావడమే నాకు పెద్ద గొప్ప. ఇల్లు షాపు కిటికీలా మెరిసిపోవాలనుకున్నాను. అందుకని ఆ తెల్లవారుజామున అందరితో, "మీరు పదండి, వెనకాలే వచ్చేస్తా" అన్నాను. వెళ్లలేదు. అందరూ ఆరాధనలో ఉంటే నేను కుర్చీ ఎక్కి దండలు కడుతున్నాను.

పెద్ద కుర్చీ షాపమ్మకు వేయాలనుకున్నాను. దానికి కుందేలు చెవులున్న తొడుగు కూడా తెచ్చిపెట్టుకున్నాను. గుడ్డ అక్కడే ఉంది. తెల్లగా, తీర్చినట్టు మడత పెట్టి. నేను దాన్ని చూశాను. చూడలేదని చెప్పడానికి లేదు. 'ఆమె ముందు ఈ గుడ్డపేలిక ఏంటి, దీనికి ఏమని చెప్పుకోవాలి' అని మనసులో అనుకున్నాను కూడా. తీసి బల్ల మీద పెట్టాను. కాసేపటికి కేకు మీద పోసే చాక్లెట్టు గిన్నె చెయ్యి తగిలి ఒలికింది. చేతికి అందింది ఆ గుడ్డే. దాంతోనే బల్ల తుడిచాను. తుడిచి, ఉండచుట్టి, మాసిన బట్టల బకెట్లో పారేశాను.

వాళ్లు వచ్చేసరికి షాపమ్మ కూడా గుమ్మంలోకి వచ్చింది. పిల్లలు లోపలికి పరుగెత్తి, గుడ్లు, కుందేళ్లు చూసి అక్కడే ఆగిపోయారు. ఎవరూ అరవలేదు. అత్తయ్య నెమ్మదిగా నడుచుకుంటూ పెద్ద కుర్చీ దగ్గరకు వచ్చింది. చెవుల తొడుగును తడిమి చూసింది.

"ఏమ్మా, ఇక్కడ గుడ్డ పెట్టాను కదా?"

షాపమ్మ నా పక్కనే ఉంది. నా నోట్లోంచి మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! "లేదే అత్తయ్యా. ఇందాక నేను సర్దేటప్పుడు ఏమీ లేదు. మర్చిపోయారేమో."

మీకు ఒక విషయం చెప్పాలి. మా అత్తయ్య అక్క చివరి రోజుల్లో మతి పోయి, కడుపున పుట్టినవాళ్లనే "ఎవరమ్మా మీరు" అని అడిగింది. ఆమెకు నీళ్లు తాగించి, మూతి తుడిచి రెండేళ్లు చూసుకున్నది మా అత్తయ్యే. అప్పటినుంచి చావంటే లేని భయం ఆమెకు మతిమరుపంటే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"మర్చిపోయానా?" అంది. మొహం పాలిపోయింది. "గంజి పెట్టాను. ఇస్త్రీ చేశాను. పెట్టలేదా?"

మా ఆడపడుచు, అత్తయ్య కూతురు, చప్పున నా వంక చూసింది. "వదినా, పోయిన నెల పొయ్యి కూడా ఆపలేదు కదా అమ్మ" అని గొణిగింది. నేను అవునన్నట్టు తలాడించాను. ఆ తలాడింపు కూడా నా ఖాతాలోదే.

అందరం కూర్చున్నాం. షాపమ్మ దండలన్నీ మెచ్చుకుని, "ఇంతకీ ఈ పండుగ దేనికి చేస్తారు? నెలంతా సామాను అమ్ముతాను గానీ నాకు సరిగ్గా తెలీదు" అని అడిగింది. మనస్ఫూర్తిగా అడిగింది. బల్ల చుట్టూ అందరూ నా వైపే చూశారు.

"వసంతకాలం వస్తుంది కదండీ" అన్నాను. "కొత్త చిగుళ్లు, గుడ్లు, కుందేలు పిల్లలు... పిల్లలకి సరదా."

"అమ్మా, అది కాదు కదా!" అంది పిచ్చుక. బల్ల కింద దాని కాలు నొక్కాను. అది నానమ్మ వైపు తిరిగింది. "నానమ్మా, నువ్వు చెప్పు."

అత్తయ్య తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటోంది. "వద్దమ్మా. ఇవాళ నాకు సరిగ్గా లేదు. తప్పు చెబుతానేమో" అంది.

ఆ ఏడాది మా ఇంట్లో కథ లేదు. ఫొటోలు మాత్రం చాలా బాగా వచ్చాయి.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఒకటే ప్రశ్న. "నేను పొయ్యి ఆపానా అమ్మా? చూడు." "తలుపు గడియ వేశానా?" "మందు వేసుకున్నానా, వేసుకోలేదా?" వేసుకున్న మందు బిళ్ల ఖాళీ రేకు చేతిలో పట్టుకుని అడిగేది. మా ఆయన ఆఫీసుకు వెళ్తూ చెప్పులేసుకుంటూ, "అమ్మ ఇంత దిగాలుగా ఎప్పుడూ లేదే" అన్నాడు. ఆడపడుచు ఫోన్ చేసి, గురువారానికి మతిమరుపు డాక్టరు దగ్గర రాయించానని చెప్పింది. నేను "మంచిపని చేశావు" అన్నాను. చూడండి ఎంత దూరం పోయానో.

మంగళవారం బట్టలు నానబెడుతుంటే ఆ గుడ్డ చేతికొచ్చింది. చాక్లెట్టు ఎండి అట్టకట్టింది. దాన్ని ఉతికాను, రుద్దాను. మరక సగమే పోయింది. పారేద్దామా అనుకున్నాను. పారేస్తే ఇక ఎవరికీ తెలియదు. పారేయలేదు గానీ చెప్పనూ లేదు. ఆరేసిన చీరల వెనకాల ఎవరికీ కనబడకుండా ఆరేశాను.

బుధవారం సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి, అత్తయ్య తన గదిలో ఆరిన దుప్పట్లు మడత పెడుతోంది. తలుపు ఓరగా ఉంది. తనలో తాను ఏదో అనుకుంటోంది. బడిపిల్ల పరీక్షకు వల్లెవేసినట్టు.

"రాయి దొర్లి ఉంది... మరియమ్మ ఏడుస్తోంది... తోటమాలి అనుకుంది... ఆయన పేరు పెట్టి పిలిచాడు... కాదు కాదు, ముందు పేతురు పరుగెత్తాడు... ముందు ఏది?" ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి. "రాయి దొర్లి ఉంది..." మూడోసారి కూడా అక్కడే ఆగింది. "ప్రభువా, అన్నీ తీసుకో. నా పిల్లల పేర్లు కూడా తీసుకో. ఇది మాత్రం ఉంచు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. పెరట్లోకి వెళ్లి తీగ మీద నుంచి గుడ్డ తెచ్చి ఆమె ముందు పెట్టాను.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. మరక దగ్గర గోటితో గీరి వాసన చూసింది. "చాక్లెట్టు. చన్నీళ్లు పోశావా, వేణ్ణీళ్లు పోశావా?"

"వేణ్ణీళ్లు."

"అందుకే పోలేదు." అప్పుడు తలెత్తింది. "ఇది ఎక్కడ దొరికింది?"

"దొరకడం కాదత్తయ్యా. నేనే తీశాను. మీరు కుర్చీలో పెట్టారు. నేను చూశాను. షాపమ్మ ముందు బాగుండదని తీసేశాను. దాంతో బల్ల తుడిచాను. మీరు మర్చిపోయారని అబద్ధం చెప్పాను."

"నేను పెట్టానా?"

"పెట్టారు."

"కుర్చీలోనే?"

"కుర్చీలోనే అత్తయ్యా."

మంచం మీద కూలబడింది. రెండు చేతులూ మోకాళ్ల మీద చరుచుకుని నవ్వడం మొదలెట్టింది. "నాకు మతి పోలేదే! ఒసేయ్ పిచ్చుకా, నానమ్మకి మతి పోలేదు!" అని కేకేసింది. ఆమె తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆ సంతోషం చూశాక, మూడు రోజులు ఆమె దగ్గర నేను ఏం దొంగిలించానో అర్థమైంది.

నవ్వు ఆగాక గుడ్డను మోకాళ్ల మీద పరిచి మూలలు సర్దింది. తర్వాత నా మొహం చూడకుండానే అంది. "నన్ను పిచ్చిదాన్ని చేశావు, పోనీ. ముసలిదాన్ని, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అంటారు. ఆవిడ నోరు తెరిచి ఆయన సంగతి అడిగింది. నువ్వు కుందేలు పిల్లలన్నావు."

"మీరు విన్నారా?"

"మతే పోయిందన్నావు గానీ చెవులు పోయాయనలేదు కదే."

నేను ఏడ్చాను. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. "నా కాళ్లు ఏం చేస్తాయి? ఆ రోజు బల్ల దగ్గర ఎంతమంది ఉన్నారు? అందరూ నాకు మతి పోయిందనుకుంటున్నారు. అందరికీ నువ్వే చెప్పాలి. ఒక్కొక్కళ్లకి."

ముందు మా ఆయనకు చెప్పాను. లేచి బయటికి వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు. అది తిట్టు కంటే ఎక్కువ. తర్వాత ఆడపడుచుకు ఫోన్ చేశాను. ఆమె మాత్రం ఊరుకోలేదు. "వదినా, నీ ఇంట్లో తుడుచుకోవడానికి గుడ్డలే లేవా? చెబితే నా పెళ్లి చీర పంపేదాన్ని కదా!" అని మొదలెట్టి, అరగంట కడిగేసింది. డాక్టరు దగ్గర రాయించింది మాత్రం ఊరికే పోనివ్వొద్దని ఎత్తిపొడిచింది. "అమ్మ కోసం కాదు, నీ కోసం" అంది.

మిగిలింది షాపమ్మ.

గురువారం షాపులో మిగిలిపోయిన సరుకు అట్టపెట్టెల్లో సర్దుతున్నాం. గుడ్లు రంగుల వారీగా ఒకదాంట్లో, కుందేళ్లు చెవులు వంగకుండా ఇంకోదాంట్లో. ఆమె నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని పెట్టెల మీద అంటించే చీటీలు రాస్తోంది. పొద్దుటి నుంచి నాలుగుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను.

"ఏంటి, పళ్లు నొప్పా?" అంది.

"కాదండీ. మొన్న మా ఇంట్లో మీకు అబద్ధం చెప్పాను."

కలం ఆగింది. మొదలెట్టాక ఆగలేదు. గుడ్డ సంగతి, కుర్చీ సంగతి, అత్తయ్య సంగతి చెప్పాను. "గుడ్డ ఎందుకు పెడతారు?" అని ఆమె అడిగేసరికి కథ చెప్పాల్సి వచ్చింది. పదిహేనేళ్లు విన్న కథ. చెప్పబోతే నా నోట్లో ముక్కలు ముక్కలుగా వచ్చింది. సమాధి రాయి దగ్గర తడబడ్డాను. మరియ ముందా, పేతురు ముందా అని ఆగిపోయాను. అత్తయ్య భయంతో ఆగింది. నేను పట్టించుకోక నేర్చుకోలేదు కాబట్టి ఆగాను. చేతిలో కాగితపు కుందేలు పట్టుకుని, చనిపోయినవాడు లేచాడని మొదటిసారి నా అంతట నేను ఒకరికి చెప్పాను.

షాపమ్మ కలం పక్కన పెట్టి విన్నది. చివరికి, "నేను అడిగానుగా ఆ రోజు. అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది.

"సిగ్గేసిందండీ."

"ఎవరిని చూసి?"

"మిమ్మల్ని చూసి."

"నన్ను చూసా!" ఆమె నిజంగానే నొచ్చుకుంది. "నేనేమన్నా అన్నానా? మీ ఇంటికి వచ్చి మీ దేవుడి సంగతి వింటే అరిగిపోతానా? నేను అంత తేలికమనిషిలా కనబడ్డానా నీకు?"

ఈ దెబ్బ నేను ఊహించలేదు. అత్తయ్యను ఒక్కదాన్నే తక్కువ చేశాననుకున్నాను. పిలిచిన మనిషిని కూడా చేశానన్నమాట. కుందేళ్ల పెట్టెకు టేపు అంటించాను. వంకరగా అంటింది.

ఆమె కాసేపు చీటీలు రాసి, తలెత్తకుండానే అంది. "నువ్వు చెప్పింది సగం అర్థం కాలేదు. తోటమాలి ఎవరు, మధ్యలో ఎందుకొచ్చాడు? ఆదివారం మీ అత్తగారు ఇంట్లో ఉంటారా?"

"ఉంటారండీ."

"అలంకరణలేం పెట్టకు. ఆవిడ దగ్గర వింటాను."

ఆదివారం షాపమ్మ వచ్చింది. అత్తయ్య ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ముక్కా పోకుండా మొత్తం చెప్పింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. కూర్చోమని అత్తయ్య అనలేదు. కూర్చోవాలని నాకూ అనిపించలేదు. తోటమాలి దగ్గరకు వచ్చేసరికి అత్తయ్య మాట ఆపి, మొదటిసారి నా వైపు తిరిగింది.

"ఇది నువ్వు చెప్పు" అంది.

"నాకు రాదత్తయ్యా."

"రాదని తెలుసు. తప్పు పోతే నేను దిద్దుతాను. చెప్పు."

చెప్పాను. ఏడుసార్లు దిద్దింది.